పిలిచెడివారును వడ్డించెడివారును



గత మాసమున ఇంటి జమాఖర్చుల చిట్టాను గూర్చి వ్రాసితిమి. అది చదివిన యొక సోదరి మాకు జాబు వ్రాయుచు, తాము నలుగురు కలసి అప్పడములు చేసి అమ్మదలచితిమనియు, చేయుట తెలియును గాని అమ్ముట తెలియదనియు, ఉపాయము చెప్పుమనియు కోరినది. ఆమెకు సమాధానము చెప్పుటకు ముందు మా వీథిలో ఈ యేడు జరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది. అందు మా తప్పు కూడ కొంత గలదు.

మా యింటికి నాలుగిండ్ల యవతల ఇద్దరు తోడికోడండ్రు ఊరగాయల వ్యాపారము చేయుచున్నారు. కాయలు ఏరుట, తరుగుట, కారము కొట్టించుట ఇద్దరును కలసియే చేయుదురు. ఆపై పనులు వేరు. పెద్దామె అమ్మకము చూచును. ఫోనులో అడిగినవారికి ధర చెప్పుట, సీసాలు కట్టి పంపుట, రొక్కము రాబట్టుట, దారిలో నూనె కారినదన్న వారిచే మాటలు పడుట ఆమె వంతు. చిన్నామె ఏ సరుకునకు ఏ ధరయో ఆలోచించును, సీసాలకు పేరుచీటీలు అచ్చు వేయించును, సెల్‌ఫోనులో బొమ్మలు పంపి పదిమందికి తెలియజేయును. పెద్దామె పనిని సేల్సనియు, చిన్నామె పనిని మార్కెటింగనియు నేడు వ్యవహరించుచున్నారు. రెండును ఒక్కటే యని మేమును చాలకాలము తలచియుంటిమి.

జ్యేష్ఠమాసమున చిన్నామె ఇతరుల ధరలు చూచి తొందరపడి, తోడికోడలితో ఒక్కమాటయైన చెప్పక, ఆవకాయ కిలోకు 100 రూపాయలు తగ్గించితిమని ప్రకటించెను. అంతకు పది దినములకు ముందే పెద్దామె పాత ఖాతాదారులకందరకు పూర్తి ధరకు అమ్మియుండెను. తెల్లవారినది మొదలు ఫోను మ్రోగుచునే యుండెను. ఏండ్ల తరబడి కొనుచున్న మాకొక ధరయు, నిన్న వచ్చినవారికొక ధరయునా యని వారడుగగా ఆ యిల్లాలు ఏమి చెప్పగలదు? తానెరుగని మాటకు తాను సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చినది. అందరకును 100 రూపాయల చొప్పున తిరిగి యిచ్చివేసి, ఇక ఫోను ముట్టనని కూర్చుండెను.

విరాటపర్వమున ఉత్తరుడు అంతఃపుర స్త్రీల నడుమ కౌరవసేనను చీల్చి చెండాడుదునని పలికిన బింకములు మీరెరిగినవే. సేన కంటబడగనే రథము దిగి పరుగెత్తినాడు. అక్కడ బృహన్నల యుండుటచే సరిపోయినది. ఆడిన మాటను నిలబెట్టుట ఆడినవారి వంతుకాక, ఎదుట నిలుచున్న మరియొకరి వంతగుట ఎంత కష్టమో ఆ కథ చెప్పుచున్నది. ప్రకటన చేసినవారు ఇంటిలో నుందురు. కొనువారు వచ్చి నిలదీయునది అమ్మినవారిని.

అయితే తప్పంతయు చిన్నామెదే యనుట న్యాయము కాదు. పిల్లలు విదేశములలో నున్న తల్లులు చిన్న సీసాలును, నూనె కారని బిగువైన మూతలును కావలెనని రెండేండ్లుగా పెద్దామెను అడుగుచునే యున్నారట. ఆ మాట ఆమె తనలోనే యుంచుకొన్నది. చిన్నామె యిది యెరుగక కిలో సీసాలకే చీటీలు అచ్చు వేయించి పెట్టెను. "అడిగినవారు ఎందరు? నాకెందుకు చెప్పలేదక్కా?" అని చిన్నామె, "నీవెన్నడైన అడిగితివా?" అని పెద్దామె. కొనువారి మాట చెవినిబడినది ఒకరికి. ఆ మాటతో పనియున్నది మరియొకరికి.

ఇక మా తప్పు. ఈ రగులుచున్న సమయముననే మేము వారింటికి పోయి, పెద్దామె వినుచుండగా చిన్నామెతో, "నీ ప్రకటనవలననే కదమ్మా ఇంత సరుకు చెల్లినది!" అని మెచ్చుకొంటిమి. పెద్దామె లేచి లోనికి పోయినది, మరల రాలేదు. ఇచ్చిన మజ్జిగ కూడ మాకు గొంతు దిగలేదు. ఆ మరునాటినుండి మూడు వారములు ఆ యింట పొయ్యిలు రెండైనవి.

ఇంటికి వచ్చి మావారితో చెప్పగా, వారు నవ్వి, పెద్దపెద్ద కంపెనీలలోనే ఇది తీరని తగవనిరి. 2006లో ఫిలిప్ కోట్లర్ అను ఆచార్యుడు మరి యిద్దరితో కలసి, అమ్మువారికిని మార్కెటింగువారికిని నడుమ జరుగు పోరును గూర్చి హార్వర్డు బిజినెస్ రివ్యూలో వ్రాసిన వ్యాసమును మాకు అర్థము చెప్పిరి. ఆ తగవునకు మూలములు రెండట. ఒకటి డబ్బు: ప్రకటనలకెంత ఖర్చు చేయవలెను, ధర యెంత పెట్టవలెను అనునది. రెండవది స్వభావము: ఒకరి చూపు రాబోవు సంవత్సరముపై నుండును, మరియొకరి చూపు నేటి బేరముపై నుండును. మా వీథి తగవులో ఈ రెండును గలవు.

అంతకుముందే 1960లో థియొడోర్ లెవిట్ అను మరియొక ఆచార్యుడు, అమ్మకమునకు అమ్మువారి అవసరము ముఖ్యమనియు, మార్కెటింగునకు కొనువారి అవసరము ముఖ్యమనియు భావము వచ్చునట్లు వ్రాసినాడట. ఆయన పండితుడే కావచ్చును గాని, మాకీ విభజన పూర్తిగా రుచింపలేదు. మా వీథిలో కొనువారి అవసరమెరిగినది ఆ అమ్మకము చేసిన పెద్దామెయే కదా! ఆ మాటను చేర్చవలసిన చోటికి చేర్చలేదు, అంతే.

రెండు పనులును కలసినచో నెట్లుండునో చూపుటకు దూరము పోనక్కరలేదు. కృష్ణాజిల్లా వాస్తవ్యులగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము ఆరంభించిరి. సంగీత సభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టెడివారు. ఇది ప్రకటనయే, కాని కరపత్రము కాదు. తలకు రాచుకొన్నవాడు గుణము తానే యెరుగును. ఐనను మరునాడు వాడు అంగడికి పోయి అడిగినప్పుడు సరుకు లేకున్నచో ఆ పంచిపెట్టినదంతయు గాలికి పోయినట్లే. పిలుపులు అందినవి గాని విస్తరిలో అన్నము లేదన్నమాట. పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించుట అందరెరిగినదే. తలనొప్పి మందు తెచ్చిన ధనము తెలుగువారి పత్రికకు అండయైనది.

జాబు వ్రాసిన సోదరికి మరింత దగ్గరి దృష్టాంతము లిజ్జత్ అప్పడములు. 1959 మార్చి 15వ తేదీన బొంబాయిలో గిర్గాము పేటలో ఏడుగురు గుజరాతీ స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద కూర్చుండి ఆరంభించిరి. మొదటిదినమున చేసినవి నాలుగు పొట్లములు. అవి తెలిసిన వర్తకునికి అమ్మిరి. తొలి సంవత్సరము వానలకు అప్పడములు ఆరక నాలుగు నెలలు పని ఆపవలసి వచ్చినది. మరుసటి యేడు మంచము వేసి, దానిమీద అప్పడములు పరచి, క్రింద పొయ్యి పెట్టి ఆరబెట్టిరి. ఇల్లు నడుపుకొను స్త్రీలకు తప్ప మరెవరికి తట్టును ఈ యుక్తి! ఆదిలో వారు మేలురకము, నాసిరకము అని రెండు విధములుగా చేసి, రెండవది చౌకగా అమ్మదలచిరి. వారికి పెద్దదిక్కుగా నున్న ఛగన్‌బాపా వలదని, ఒకటే రకము చేయుడని హితవు చెప్పినాడు. ఒకే పేరు క్రింద రెండు రకములున్నచో, గుమ్మములో నిలిచి అమ్మునామెకు దినమంతయు జవాబులు చెప్పుటతోనే సరిపోవును. సోదరీ, మీరు చీటీ అచ్చు వేయించుటకు ముందు ఈ సంగతి నలుగురును కూర్చుండి తేల్చుకొనుడు. వానకాలమున సరుకు అందీయగలరో లేదో కూడ అప్పుడే చూచుకొనుడు.

నల్లగొండ జిల్లాలో 2001 ప్రాంతమున హిందూస్థాన్ లీవర్ వారు శక్తి యను పథకము ఆరంభించి, పొదుపు సంఘముల స్త్రీలచే పల్లెలలో ఇంటింట సబ్బులు మొదలగునవి అమ్మించిరి. అచట చెప్పునదియు అమ్మునదియు ఒకే స్త్రీ కనుక, రెండు నోళ్ల తగవు లేదు. అందరకును అది కుదరదు.

మా వీథి సంగతి ముగించెదము. శ్రావణమాసము నోమునాడు అత్తగారు ఇద్దరిని ఒకే పీటపై కూర్చుండబెట్టినది. ఆనాటినుండి వంటింటి గుమ్మమునకు ఒక చిట్టా వ్రేలాడుచున్నది. ఎవరేమి అడిగిరో, ఏమి తిట్టిరో పెద్దామె అందు వ్రాయును. శనివారము సాయంకాలము చిన్నామె అది చదివి, తాను చేయబోవు ప్రకటనను అక్కకు వినిపించును. అక్క ఊకొట్టనిదే ధర మారదు. చిన్న సీసాలు వచ్చినవి. కిలో చీటీలు మిగిలినవి పిల్లల పుస్తకములకు అట్టలుగా పోయినవి. మొన్న మేము చనువుచే ఆ చిట్టా త్రిప్పి చూడగా, నడుమ ఒక పుటలో, "మాస్టరుగారి వదినగారు, మాగాయ అరకిలో, ఉప్పెక్కువైనదనిరి, డబ్బు ఇంకను రావలెను" అని పెద్దామె వ్రాత కనబడినది. అప్పటికప్పుడే చెల్లించి వచ్చితిమి.