తాతలనాటి తుపాకి



ఉద్దానపు జీడితోటలలో ఎలుగుబంట్లు, కొండవాలు చేలలో అడవిపందులు తిరుగుట మీకు క్రొత్త కాదు. అట్టి వేళ తాతలనాటి మందు తుపాకిని అటకపైనుండి దింపవలెనని కొందరికి తోచును. తాతగారు కాల్చినది గనుక నేడును మంచిదేయని నమ్మి కాల్చుట తగదని నా అభిప్రాయము.

ముందుగా, అందులో మందు కూరియున్నదనియే తలంపుడు. పొడిగానున్న నల్లమందు ఏండ్లు గడచినను పేలగలదు. గుర్రము లాగి చూడరాదు. మందును మీరే గోకి తీయరాదు. అనుమానమున్నచో కదపక పోలీసులకు కబురు చేయుడు.

1959 ఆయుధముల చట్టము ప్రకారము తండ్రి లైసెన్సు కుమారునికి చెల్లదు. యజమాని మరణించినచో వారసులు జాప్యము చేయక తుపాకిని పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల వ్యాపారివద్దగాని ఉంచి, కావలెనన్న తమ పేర లైసెన్సు కోరవలెను.

లైసెన్సు వచ్చినను వెంటనే కాల్చరాదు. పైన నూనె పూసి తుడిచినంతమాత్రమున లోపలి తుప్పు పోదు. సముద్రపు గాలికి తుప్పు తిన్న గొట్టము పలుచబడి, పేల్చినపుడు చీలి, కాల్చినవాని చేతికో కంటికో తగులును. నల్లమందుకై చేసిన గొట్టమున పొగలేని మందు వేయుట మరింత ప్రమాదము. దాని ఒత్తిడికి ఆ గొట్టము ఆగదు. గొట్టములోని గుంటలు, నిప్పు చేరు రంధ్రము, గుర్రపు పట్టు, కర్ర పగుళ్లు లైసెన్సు గల తుపాకుల పనివాడే పరీక్షింపవలెను. ఊరి కమ్మరిచే అతుకు వేయింపరాదు. గొట్టము చెడినదని తేలినచో దానిని అప్పగించుటయే మేలు.

తుపాకి మంచిదైనను 1972 వన్యప్రాణి చట్టము ప్రకారము ఎలుగును వేటాడ వీలులేదు. మృగముల బెడద అటవీ శాఖకు తెలుపుడు. పోయిన పంట మరుసటేడు పండును. పోయిన చేయి మరల మొలవదు.