ముందు చదవండి, ధర తర్వాత అడగండి

ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపిక చేసుకుని చదవండి.

పాత నాణేలు పోగుచేస్తామని తెలిసినప్పటినుంచి మాకు వచ్చే ఫోన్లలో ముక్కాలు వంతు ఒకటే ప్రశ్న. "అన్నా, మా ఇంట్లో ఒక పాత కాసు ఉంది, ఎంతకి పోతుంది?" కాసు మీద ఏముందో చెప్పమంటే, "అదేమో తెలీదన్నా, పాతది" అంటారు. ఈ ప్రశ్న మీద మాలో మాకే తగువుంది. అది మీ ముందు పెడదామనే ఈ రాత.

గుడియాత్తంలో మా వీధిలో ఒక వదిన ఉంది. మగ్గం ఇల్లు. వాళ్ళ మామగారి పెట్టెలో ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు దొరికింది. ఫోన్‌లో ఎవరో దాన్ని లక్షలకు కొంటామన్నారు. ముందు రిజిస్ట్రేషన్‌కని, తర్వాత పన్నుకని, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ అనుమతికని మూడు విడతలుగా పదకొండు వేలు గుంజారు. కొడుక్కి కూడా చెప్పకుండా కట్టేసింది. మా దగ్గరికి వచ్చినప్పుడు నోటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఈ మోసాల గురించి 2021 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంక్ హెచ్చరించింది. పాత నోట్ల, నాణేల బేరాల్లో తాము తలదూర్చమని, ఎవరినీ ఫీజు గానీ కమీషన్ గానీ అడగమని చెప్పింది. ఆ వార్త ఆ వదిన దాకా రాలేదు, లక్షల వీడియో మాత్రం వచ్చింది. ఎవరికైనా ఇట్లా జరిగితే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఇప్పుడు మా తగువు. ఆదివారాలు వేలూరులో ఒక మిత్రుడి ఇంట్లో అయిదారుగురం కూర్చుంటాం, సగం తెలుగువాళ్ళం, సగం తమిళులు. వాళ్ళల్లో ఒకాయన మాట: "దుడ్డు సంగతి చెప్పకపోతే ఈ కాలం పిల్లలు ఎవరూ రారు. ముందు ధర చెప్పి లాగు, చరిత్ర తర్వాత నేర్పు." మేము దీనికి ఒప్పుకోం. ధరతో మొదలుపెట్టినవాడు ధర దగ్గరే ఆగిపోతాడు. ఆ నోటు అసలు ఏమిటో ఎవరైనా ఆ వదినకి ముందే చెప్పి ఉంటే, ఆ ఫోన్‌కి నవ్వుకుని ఊరుకునేది.

పాతదంటే ఖరీదైనది అనుకోవడం మొదటి పొరపాటు. రాజరాజ చోళుడి రాగి కాసు వెయ్యేళ్ళ నాటిది, ఒక పక్క నిలబడిన మనిషి, ఇంకో పక్క కూర్చున్న మనిషి. అరిగిపోయింది అయితే కొన్ని వందలకే దొరుకుతుంది. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 రూపాయికి నూరేళ్ళు కూడా నిండలేదు, అయినా దాని కోసం కొట్టుకుంటారు. ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి, ఎందరికి కావాలి అన్నవే ధరను తేలుస్తాయి. వయసు వాటి తర్వాతే.

రెండోది ఇంకా పెద్ద మోసం. రామ పట్టాభిషేకమో హనుమంతుడో ఒక పక్క, ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818 అని ఇంకో పక్క ఉండే బిళ్ళలు. కంపెనీ అట్లాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. అవి గుడి దగ్గర అమ్మే బిళ్ళల మాదిరివి. పూజలో పెట్టుకోండి, తప్పులేదు. బియ్యాన్ని లాగుతుంది, ఇరిడియం ఉంది, కోట్లు వస్తాయి అని ఎవరైనా దాన్ని చూపిస్తే, చెప్పులు వేసుకుని లేచి వచ్చెయ్యండి.

మరి ఏమి నేర్పాలి? మా జవాబు, చదవడం. ఇప్పుడు మీ జేబులో ఉన్న నాణెమే తియ్యండి. సంవత్సరం కింద చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇది చెప్పగానే పిల్లలు ఇంట్లో చిల్లరంతా నేలమీద పోసేస్తారు, మేము చూశాం. పైసా ఖర్చు లేని పాఠం. ఆర్కాట్ మనకు పక్కనే కదా, ఆర్కాట్ పేరు మోసిన వెండి రూపాయిలు ఇంగ్లీషువాళ్ళు మద్రాసులో కొట్టారు, ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరిలో కొట్టారు. తామర గుర్తు వీళ్ళది, నెలవంక వాళ్ళది. నాణెం మీద ఊరి పేరు ఉంటే ఆ ఊళ్ళోనే కొట్టారనుకోకూడదని ఆ చిన్న గుర్తులే చెబుతాయి.

మాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం అణా బిళ్ళ. అంచు పువ్వు రేకుల్లా వంకీలు తిరిగి ఉంటుంది, 1907లో ఏడో ఎడ్వర్డు కాలంలో మొదలైంది. దాని మీద విలువ ఇంగ్లీషుతో పాటు నాలుగు మన లిపుల్లో ఉంటుంది: ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. తమిళం లేదు. మేము చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పలక మీద రాసింది తమిళం. తెలుగు అక్షరాలు మాకు బడి నేర్పలేదు. రైల్వేలో చేరాక కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల వైపు డ్యూటీ మీద పోతున్నప్పుడు స్టేషన్ బోర్డులే నేర్పాయి. ఇంగ్లీషులో ఊరి పేరు చూసి, పైన తెలుగులో ఏ అక్షరం ఏదో పోల్చుకునేవాళ్ళం. ఆ అణా బిళ్ళను చూసినప్పుడు అదే జరిగింది.

ఈమధ్య మా చుట్టాల పిల్లవాడు ఏడో తరగతి వాడు వస్తే చేతిలో పెట్టాం. కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఇదేమి తాతా, కన్నడమా?" అన్నాడు. ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడని పిల్లవాడు. "మన ఎళుత్తేరా" అన్నాం. ఒ, క, అ, ణా. నాలుగు అక్షరాలు. భూతద్దం పెట్టి నోటుబుక్కులో దింపుకున్నాడు. "ణ"కి చాలాసేపు పట్టింది. ఆ రోజు అది ఎంత చేస్తుందని వాడు అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం, మామూలు సంవత్సరాలవి చాలా చవక అని.

తమిళ మిత్రులు నొచ్చుకోకుండా ఇంకోటి చెప్పాలి. 1807, 1808 ప్రాంతాల్లో మద్రాసులో కంపెనీ కొట్టిన వెండి అర వరహా మీద ఒక పక్క గోపురం, ఇంకో పక్క తామర మీద విష్ణువు. ఆ విష్ణువు చుట్టూ తమిళం, తెలుగు రెండూ ఉంటాయి. అది కొనే స్తోమత మాకు లేదు, ఫోటో చూపించి చెబుతుంటాం. ఆదివారం మేము కూర్చునే గది మాదిరే ఉంటుంది అది.

ఇప్పుడు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదట్లో మా చేతికి 1835 నాటి కంపెనీ కాలణా ఒకటి వచ్చింది, ముదురు కాఫీ రంగులో. శుక్రవారం దీపపు కుందులు తోమినట్టు చింతపండు, బూడిద వేసి తోమేశాం. తళతళలాడింది. గర్వంగా వేలూరు తీసుకుపోయి ఒక పెద్దాయనకు చూపించాం. ఆయన ఒక్క మాట అనలేదు, తిరిగి కాగితంలో చుట్టి మా చేతిలో పెట్టాడు. రాగి మీద పట్టిన ఆ రంగు మురికి కాదు, నాణేనికి చర్మం లాంటిది. పులుపు దాన్ని తినేస్తుంది, ఆ తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి పెట్టినా పచ్చగా జిగురు పడుతుంది. కాగితం కవరు మేలు. పట్టుకునేటప్పుడు అంచుల మీదే పట్టుకోండి.

ధర చెప్పకూడదని మేము అనడం లేదు. ఇక్కడ ఆ మిత్రుడి మాటలో సగం నిజముంది. బిడ్డ ఫీజు కట్టడానికి విక్టోరియా రూపాయి పట్టుకొచ్చిన తల్లికి చరిత్ర పాఠం చెప్పడం పాపం. ఆమెకు లెక్క చెప్పాలి. విక్టోరియా నుంచి అయిదో జార్జి దాకా రూపాయి 11.66 గ్రాములు, నూటికి 91.7 వంతు వెండి. అంటే దాదాపు 10.7 గ్రాముల మేలిమి వెండి. ఆ రోజు ధరతో గుణించుకోండి, అరిగినదైతే తూకం వేసి కాస్త తగ్గించుకోండి. అంతకన్నా తక్కువకి అడిగినవాడికి ఇవ్వొద్దు. 1940 నుంచి ఆరో జార్జి రూపాయిల్లో సగమే వెండి. 1947ది వెండే కాదు, నికెల్. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది. వెండి అతుక్కోదు. ఇంత చెబితే చాలు, బేరం ఆమే చేసుకుంటుంది.

ఇంకొక్క మాట, పాలారు ఇసుకలోనో, ఇంటి పునాది తవ్వుతుంటేనో నాణేల ముంత దొరికితే మా దగ్గరికి తేవద్దు. 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. మట్టిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పి తీరాలి. పది రూపాయలంటే నవ్వొస్తుంది, చట్టం మాత్రం అదే.

వచ్చే ఆదివారం పిల్లలతో రండి. ఆ వదిన కూడా వస్తానంది, వాళ్ళ మామగారి పెట్టెలో అడుగున ఇంకో చిన్న మూట ఉందట, దేనికీ ఫోటో తీసి పంపలేదట. మీరూ మీ ఇంట్లో ఉన్నవి తీసుకురండి. కడగకుండా తీసుకురండి.