రెండు బొమ్మలు పక్కపక్కన

సంక్రాంతి ముందు మా బావకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. రిపోర్టు వచ్చిన సాయంత్రమే ఫోన్ చేశాడు. “ఏరా, చెన్నైలో ప్రోటానుందంట గదా! పాతిక లక్షలంట. రోడ్డు పక్క రెండెకరాలు బేరం పెట్టా.” జబ్బు ఏ దశలో ఉందో ఆయనకింకా తెలీదు. మిషను పేరు మాత్రం తెలిసింది. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారట.

బేరం రెండు వారాలు ఆపమన్నాను. అలాగని ఆ మిషను ఉత్తదని కాదు.

మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అంటామే, ఆ రేడియేషన్‌లో మామూలుగా వాడేవి బాగా బలమైన ఎక్స్‌రేలు. అవి గడ్డ దగ్గర ఆగవు. దాన్ని దాటి అవతలి వైపు నుంచి బయటికి పోతాయి, దారిలో ఉన్న మంచి కండకీ కాస్త వాత పెట్టి మరీ. ఎక్స్‌రేకు బదులు వాడే ప్రోటాన్ కణం నడక వేరు. ఒంట్లోకి దిగేటప్పుడు శక్తిని పొదుపుగా వదులుతుంది. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ వదిలి, ఆగిపోయే చోట మిగిలిందంతా కుమ్మరిస్తుంది. ఆ చోటు దాటాక దాదాపు ఏమీ ఉండదు. ఎంత లోతున ఆగాలో బయటినుంచే నిర్ణయించవచ్చు. దీన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో రాసింది రాబర్ట్ విల్సన్, అంతకుముందు అణుబాంబు తయారీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. 1954లో బర్క్‌లీలో తొలి రోగికి ఇచ్చారు. ఫిజిక్స్ ల్యాబు గడప దాటి కాలిఫోర్నియాలోని లోమా లిండా ఆస్పత్రికి చేరేసరికి 1990 అయింది. మన దేశంలో 2019లో చెన్నై అపోలో మొదలుపెట్టింది. 2023 నుంచి నవీ ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్లూ ఇస్తున్నారు. ప్రోటాన్‌కు వేగమిచ్చే సైక్లోట్రాన్ యంత్రం, రోగి చుట్టూ తిరిగే వంద టన్నుల పైచిలుకు ఇనుప చట్రం, మీటర్ల మందాన కాంక్రీటు గోడలు. బిల్లు ఊరికే లక్షలకెక్కలేదు.

ఈ ఖర్చుకు నూరు పైసలా న్యాయం జరిగే చోటు ఒకటుంది. చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ వచ్చిన పిల్లలకు ఆపరేషన్ తర్వాత తలకీ, వెన్ను పొడుగునా రేడియేషన్ ఇవ్వాలి. డాక్టర్ల కంప్యూటర్లో ఆ ప్లాన్ బొమ్మ చూస్తే చాలు, పాఠం అక్కర్లేదు. డోసు ఎక్కువున్న చోట ఎరుపు, తగ్గేకొద్దీ పసుపు, ఆకుపచ్చ, నీలం. ఎక్స్‌రే ప్లాన్‌లో రంగు వెన్నులోంచి ముందుకు కారిపోయి థైరాయిడ్, గుండె, పేగుల మీదుగా పొట్ట చర్మం దాకా పాకి ఉంటుంది. ప్రోటాన్ ప్లాన్‌లో వెన్నుపూసల ముందు అంచున, గట్టు కట్టినట్టు, ఆగిపోతుంది. ఆ పిల్లాడు నయమై ఇంకో అరవై ఏళ్లు బతకాలి. ఆ గుండెతోనే. ఇక్కడ డబ్బు లెక్క చెప్పేవాళ్లతో నాకు మాటల్లేవు. కంటి లోపలి మెలనోమా, పుర్రె అడుగున వచ్చే కార్డోమా లాంటివాటిలోనూ దీని అవసరం గట్టిదే.

మా బావకు డెబ్బై ఒకటి. ప్రోస్టేట్ రోగులు 450 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ప్రోటాన్, రెండో జట్టుకు ఆధునిక ఎక్స్‌రే చికిత్స ఇచ్చిన అమెరికా అధ్యయనం ఫలితాలు 2024లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత పేగుల ఇబ్బందిలో తేడా కనబడలేదు. జబ్బు అదుపు కావడంలోనూ తేడా లేదు. మరి ఆ రెండెకరాలు దేనికి పోయినట్టు?

పైగా గీత గీసి ఆగే గుణంలోనే ఒక చిక్కుంది. ఊపిరికి గడ్డ కదిలినా, చికిత్స మధ్యలో మనిషి చిక్కిపోయినా ప్రోటాన్ ఆగే చోటు మారుతుంది. మళ్లీ స్కాన్ తీసి, ప్లాన్ గీయాల్సి రావచ్చు. వీడియోల్లో ఈ ముక్క ఉండదు.

నెదర్లాండ్స్ వాళ్లు 2018లో ప్రోటాన్ మొదలుపెట్టినప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నారు. తల, మెడ క్యాన్సర్ లాంటివాటిలో ఒకే రోగికి రెండు ప్లాన్లూ గీస్తారు. నోరెండిపోవడం, మింగలేకపోవడం లాంటి బాధ ప్రోటాన్ వల్ల ఎంత తగ్గుతుందో లెక్కేస్తారు. ముందే పెట్టుకున్న హద్దు దాటితే ప్రోటాన్, ఖర్చు బీమాది. దాటకపోతే మామూలు మిషనే. మనకూ ఇదే కావాలంటాను. ఆరోగ్యశ్రీ డబ్బైనా, అమ్ముకున్న పొలం డబ్బైనా, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాకే కదలాలి. వెన్ను మొత్తానికి రేడియేషన్ కావాల్సిన పిల్లల వంతు వస్తే మాత్రం ప్రభుత్వం ఆ బేరం తండ్రికి వదలకూడదు, తానే కట్టాలి.

బావను ఓ రేడియేషన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన స్క్రీను మా వైపు తిప్పి ఇరవై నిమిషాలు ఓపిగ్గా చూపించాడు. ఊరికి దగ్గరలోనే మామూలు మిషను మీద సిట్టింగులు మొదలయ్యాయి. పొలం బేరం నిలిచిపోయింది. నిన్న ఫోన్ చేశాడు: “సర్ది పడుకోబెట్టేదానికి పావుగంట, కరెంటు రెండు నిమిషాలు. ఇంతేనా? దానికంటే ముందు నీళ్లు తాగించి ఆపుకోమంటారు చూడూ, అదిరా అసలు నరకం!”