తూనీగ వెంట ఒక పాప

ఈ సంచికలోని పిల్లల సాహస కథ సూరత్‌లోని డిండోలిలో నడుస్తుంది. మగ్గాల పనికి తెలంగాణ నుంచి తరలివెళ్లిన నేత కుటుంబంలో పుట్టిన పాప కథ ఇది. ఆమెకు పురుగులంటే ప్రాణం. ఒక వానాకాలం సాయంత్రం తూనీగ వెంటపడి వీధి దాటేస్తుంది.

ఆ తూనీగ కల్పన కాదు. శాస్త్రనామం పాంటాలా ఫ్లేవెసెన్స్, పొడవు సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. వాననీటి గుంటల్లో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు దోమపిల్లల్ని తింటూ పెరిగి, గుంట ఎండేలోపే రెక్కలు తొడుక్కుంటాయి. ఇవి భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు చేరుతున్నాయని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. ఇంతకన్నా పెద్ద సాహసం ఏముంటుంది!

పురుగుకూ మగ్గానికీ కూడా చుట్టరికం ఉంది. సూరత్ మగ్గాలకు పాలిస్టర్ దారమే ఆధారం. తెలంగాణలోని మహదేవ్‌పూర్ నేతన్నలకు మాత్రం మద్దిచెట్ల మీద పెరిగే పురుగే దసలి పట్టునిచ్చింది. ఆ సంగతి కథలో ఇంకాస్త ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

అమ్మానాన్నలకు ఒక విన్నపం. ఇంట్లో పురుగు కనబడితే చెప్పు తీయకండి, ముందు పిల్లల్ని పిలిచి దాన్ని చూడనివ్వండి.