తటస్థుల ధర్మము

తటస్థుడనగా తటమున, అనగా ఒడ్డున, నిలిచినవాడు. ఒడ్డున నిలిచినవానికి ఏటిలో కొట్టుకొనిపోవువారు కనబడరని ఏ నిఘంటువును చెప్పలేదు. శబరీతటమందలి చింతూరు ప్రాంతపు చరిత్రము ఈ పదమునకు చక్కని వ్యాఖ్యానము.

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని నాటి దంతెవాడ జిల్లాయందు సల్వాజుడుం ఆరంభమయ్యెను. మావోయిస్టులను ఎదుర్కొను పేరిట గ్రామస్థులచేతికే ఆయుధములిచ్చి, పల్లెలను ఖాళీచేయించి, జనులను శిబిరములకు తరలించిరి. శిబిరమునకు పోయినవాడు మావోయిస్టులకు ద్రోహి. పోనివాడు ప్రభుత్వమునకు ద్రోహి. ఏ పక్షమునను చేరనొల్లని కోయలు వేలకొలదిగా సరిహద్దు దాటివచ్చి, చింతూరు మొదలుగాగల అప్పటి ఖమ్మం జిల్లా అడవులలో గుడిసెలు వేసికొనిరి. 2008 జూలైలో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ ప్రకటించిన నివేదికకు ‘తటస్థముగ నుండుటయే మా మహాపరాధము’ అను అర్థమిచ్చు పేరే పెట్టిరి.

పత్రికలవారి గతియు నిట్టిదే. బాసగూడ విలేఖరి సాయిరెడ్డిని 2008లో మావోయిస్టులకు తోడ్పడెనన్న ఆరోపణపై ప్రభుత్వము చెరబెట్టెను. 2013 డిసెంబరులో ఆయననే మావోయిస్టులు చంపిరి. ఉభయపక్షములకును విరోధియైనది ఒక్క కలమే!

ఇక ఈవలి ఒడ్డున మనమేమి చేసితిమి? అటవీశాఖవారు వలసవచ్చినవారి గుడిసెలను కూల్చిరి. అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి భూమి ననుభవించు గిరిజనులకే హక్కునిచ్చును. ఆ పిమ్మట వచ్చినవారికి దారిలేదు. ఆవలి గట్టున షెడ్యూల్డు తెగవాడైనవాడు ఈవలి గట్టున కాకపోయెను. పత్రికలలోనో, వారు ఒకనాడు ఆక్రమణదారులు, మరొకనాడు అనుమానితులు. వచ్చిన కారణము మాత్రము అరుదుగా అచ్చుపడెను.

రెండవ ప్రపంచయుద్ధమున స్వీడను తటస్థదేశము. నార్వే చెరసాలలలో జర్మనులు సల్పిన హింసలను ప్రకటించినందులకు 1942 మార్చిలో ఆ ప్రభుత్వము 17 పత్రికలను జప్తుచేసెను. ఆ దేశమే 1943 అక్టోబరులో డెన్మార్కునుండి పడవలపై వచ్చిన ఏడువేలకు పైబడిన యూదులకు ఆశ్రయమిచ్చెను. రెండును తటస్థత పేరిటనే జరిగినవి. వానిలో లోకము మెచ్చునది ఏదియో వేరుగ చెప్పనేల?

పోడుచేత అడవి తరుగుచున్నదనియు, స్థానికుల భూములకు పోటీ యేర్పడుచున్నదనియు కొందరందురు. అది కేవలము అసత్యము కాదు. కాని గుడిసె కూల్చినంతమాత్రమున అడవి పెరుగదు. ఆ కుటుంబము మరికొంత లోపలికి పోయి మరికొన్ని చెట్లు నరుకును. 2011 జూలై 5న సుప్రీంకోర్టు గిరిజన యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియోగించుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పి, సల్వాజుడుంవంటి దళములను అరికట్టుమని ఆజ్ఞాపించెను. తరిమినవారి చర్య చట్టవిరుద్ధమని తేలినపిమ్మట, పారిపోయివచ్చినవారు నేరస్థులెట్లగుదురు?

చింతూరు 2014లో తూర్పుగోదావరి జిల్లాలోను, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోను చేరెను. జిల్లాల పేళ్లు మారినంత సులభముగ ఈ నిర్వాసితుల దశ మారలేదు. తిరిగిపోగోరువారికి రక్షణతో స్వగ్రామమును, ఉండగోరువారికి బియ్యపుకార్డును, పిల్లలకు బడిని, తెగ ధ్రువపత్రమును ఇచ్చుటకు ఇరుగుపొరుగు ప్రభుత్వములు కూర్చుండి నిర్ణయింపవలెను. పత్రికలు వారిని గూర్చి పోలీసులను, అధికారులను అడిగినది చాలును. వారినే అడిగి వ్రాయవలెను. ఒడ్డున నిలిచినవాని ధర్మము కన్నులు మూసికొనుట కాదు, చేయి చాచుట.