ఏడు చేపలకు ఎన్ని కార్డులు?

ఏడు చేపల కథ బొమ్మల పుస్తకం ఒకటి మా అద్దంకి గ్రంథాలయానికి వచ్చిందనుకుందాం. పదహారు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. రిజిస్టరులో రచయిత గడి దగ్గరికి రాగానే కలం ఆగిపోతుంది. అట్ట మీద ఉన్న పేరు కథ కట్టినవారిది కాదు, మళ్లీ చెప్పినవారిది. కొన్నాళ్లకు మరో ప్రచురణకర్త నుంచి అదే కథ మరొకరి పేరుతో వస్తుంది. అకారాది వరసలో ఒకటి 'అ' దగ్గర, ఇంకొకటి 'వ' దగ్గర చేరతాయి. "సార్, చేపల బొమ్మల పుస్తకం ఉందా?" అని అడిగే పిల్లకు ఆ పేర్లు రెండూ తెలియవు. తెలియాల్సిన పనీ లేదు.

ఈ చిక్కు అద్దంకికి కొత్తదేం కాదు. ఇక్కడి 848 నాటి పండరంగని శాసనంలో ఎవరు ఏ కోట పట్టారో ఉంది కానీ, అందులోని తరువోజ పద్యం ఎవరు కట్టారో లేదు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలిన రోజుల్లో ఆయన ఆస్థానంలో ఉన్న ఎర్రన, నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించి కూడా చివరి పద్యాల్లో తప్ప తన పేరు పెట్టుకోలేదు. నన్నయే రాసినట్టు రాజరాజనరేంద్రుడి పేరు మీదే నడిపించాడు. అయినా ఇవాళ ఏ గ్రంథాలయంలోనైనా ఆ పర్వానికి ఇద్దరి పేర్లూ రాసి ఉంచుతారు. పెద్దల పుస్తకానికి అంత శ్రద్ధ చూపే చేతులు, పిల్లల పుస్తకం దగ్గరికి వచ్చేసరికి 'బాల సాహిత్యం' అని రెండు ముక్కలు గీకి సరిపెట్టుకుంటాయి.

గ్రంథాలయాలు పుస్తకాలు వర్గీకరించే డ్యూయీ దశాంశ పద్ధతిలో జానపద కథల నంబరు 398.2. అది సాంఘిక శాస్త్రాల గది. పక్కనే ఆచారాలు, వేషధారణలు. తెలుగు సాహిత్యం ఎక్కడో దూరంగా 894.827లో ఉంటుంది. గ్రిమ్ సోదరులు పోగుచేసిన కథలు జానపదం కిందికి, ఆండర్సన్ సొంతంగా అల్లినవి డేనిష్ సాహిత్యం కిందికి పోతాయి. శాస్త్రం ప్రకారం తప్పు లేదు. రాకుమారి కథ కావాలని వచ్చిన పిల్ల మాత్రం రెండు బీరువాల మధ్య తిరగాలి. పాఠకుడి సమయం ఆదా చేయమని 1931లోనే సూత్రం రాసిపెట్టిన రంగనాథన్ గారు ఈ తిరుగుడు చూస్తే ఊరుకునేవారు కాదు.

ఫిన్లండ్ పండితుడు ఆంటీ ఆర్నె 1910లో కథలకే నంబర్లు వేశాడు. దాన్ని స్టిత్ థాంప్సన్, 2004లో హాన్స్ యోర్గ్ ఊథర్ పెంచి దిద్దారు. ఆ పట్టికలో సిండ్రెల్లా 510ఎ. ఏడు చేపల కథలా ఒకదానికొకటి ముడిపడుతూ పోయే గొలుసు కథలకు 2000 దాటిన అంకెలు. ఆ అంకెలు పిల్లలకు అక్కర్లేదు, పరిశోధకుల కోసం రిజిస్టరు చివరి గడిలో పడి ఉంటే చాలు. పిల్లల అర మీద కావలసింది కథ పేరు. ఏడు చేపల కథ పది రకాలుగా అచ్చయితే పదీ పక్కపక్కన నిలబడాలి. ఒకదాంట్లో చీమ చెప్పే జవాబు ఇంకోదాంట్లో వేరేగా ఉందని కనిపెట్టేది పిల్లలే.

నిలబడాలి అన్నాం గానీ, పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకానికి వీపే ఉండదు. అంకెల చీటీ ఎక్కడ అంటించాలి? చాలాచోట్ల అట్ట మీద, సరిగ్గా బొమ్మ నడినెత్తిన అంటిస్తారు. లోపల ఊదారంగు గుండ్రటి ముద్ర రాజుగారి మొహాన పడుతుంది. ముద్ర లోపలి పేజీ వెనక వేసుకోవచ్చు, చీటీ అట్ట పైమూలకు జరపవచ్చు. పుస్తకాలను ఇనుప బీరువాలో ఇరికించకుండా తీగల స్టాండులో అట్ట కనబడేలా, పిల్లల చేతికందే ఎత్తున పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకే కదా.

బొమ్మ వేసినవారి సంగతి మరీ అన్యాయం. 1947 జూలైలో మొదలైన చందమామలో కథకుల పేర్లు లేని కథలు ఎన్నో. కొడవటిగంటి కుటుంబరావు గారు సంపాదకత్వం పేర రాత్రింబవళ్లు తిరగరాసినవాటి మీద ఆయన పేరు కనపడదు. బొమ్మ మూలన మాత్రం వడ్డాది పాపయ్య 'వపా' సంతకమో, శంకర్ సంతకమో ఉంటుంది. వెతుక్కోవడానికి మిగిలిన ఆనవాలు అదొక్కటే అయినా, చాలాచోట్ల కేటలాగులో చిత్రకారుడికి గడి ఉండదు. ఏళ్ల సంచికలు కలిపి బైండు చేయించేటప్పుడు అంచులు కోసేస్తే ఆ సంతకమూ కత్తెర పాలే. ఇక మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు. ఉప్పల లక్ష్మణరావు, రాళ్లబండి వెంకటేశ్వరరావు వంటివారు అక్కడే ఉండి తెలుగు చేసినవి. వాటిలో బొమ్మల పుస్తకాలు సైజు పెద్దవి, అరలో పట్టవు. పట్టనివన్నీ బీరువా నెత్తి మీదికి ఎక్కాయి. ఎక్కినవి దిగడం మేం ఎక్కడా చూడలేదు. సోవియట్ దేశమే లేకుండా పోయాక అవి మళ్లీ అక్కణ్నుంచి వచ్చేవి కావు. చినిగిందని లెక్కలోంచి కొట్టేసే ముందు, ఇంకో ప్రతి ఎక్కడైనా ఉందా అని ఒక్కసారి చూడాలి. చీరాల పక్కన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను కడుపులో పెట్టుకుని కాపాడింది. పిల్లల పుస్తకాలకు అలాంటి చోటు ఒకటి ఈ ప్రాంతంలో ఉండొద్దా?

మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన గడి వేరే ఉంది: ఈ కథ ఇక్కడ ఎలా చెబుతారు? మామూలు కేటలాగు కార్డులో దానికి చోటు ఉండదు. కల్లంలో తాలుకాయ ఏరుతూ ఒకావిడ చెప్పే ఏడు చేపల కథకూ, అచ్చయిన దానికీ తేడా ఉంటుంది. బి. రామరాజు గారిలాంటి జానపద పరిశోధకులు ఊళ్లు తిరిగి కథలు సేకరించారు. ఆ పని ఎవరో ఒకరిద్దరితో అయ్యేది కాదు. శాఖా గ్రంథాలయాల్లో ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు నడుస్తాయి. పుస్తకం ఇంటికి తీసుకెళ్లి నాయనమ్మకు చూపించి, "నువ్వెట్లా చెప్తావు?" అని అడిగి రాసుకు రమ్మంటే పిల్లలు ఎగురుకుంటూ పోతారు. తెచ్చిన కాగితాన్ని, చెప్పినావిడ సరేనంటే ఆమె పేరుతో, ఊరి పేరుతో, ఆ పుస్తకం వెనకట్టకు అతికించిన కవరులో ఉంచాలి. కార్డు మీద 'చెప్పినవారు' అని ఒక గీత పెంచాలి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. బాలల దినోత్సవం రోజునే మొదలవుతాయి కాబట్టి వ్యాసరచన పోటీలు, వక్తృత్వం, బహుమతులు ఎలాగూ ఉంటాయి. ఈసారి ఆ వారంలో ఒక పూట కథల పుస్తకాలన్నీ కింద చాప మీద కుమ్మరించి, ఏవి వేటి పక్కన ఉండాలో పిల్లల్నే సర్దమనండి. దెయ్యాలన్నీ ఒకచోట, చేపలన్నీ ఒకచోట పెడతారేమో, పెట్టనివ్వండి. గ్రంథపాలకుడు పక్కన కూర్చుని వాళ్లు ఏ కుప్పకు ఏ పేరు పెట్టారో రాసుకుంటే, అరల మీద అంటించాల్సిన చీటీలు అవే.