ఎనిమిది వేలూ, అక్క ఉంగరమూ

నెల క్రితం ఒక ఆదివారం పొద్దున్నే సింగ్‌నగర్ నుంచి మా మేనల్లుడు గుణదల వచ్చాడు. చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా ఫోను తెచ్చి నా మొహానికి ఆనించాడు.

"మామయ్యా, ఇది చూడు. మెటల్ డిటెక్టర్. పన్నెండు అడుగుల లోతులో బంగారం ఉన్నా కూత పెట్టేస్తుందట. ఎనిమిది వేలే!"

ఆ ఎనిమిది వేలూ వాడివే. పండక్కీ పుట్టినరోజుకీ పెద్దవాళ్లు చేతిలో పెట్టినవి, ఇంటర్‌లో చేరినప్పటి నుంచీ దాచుకుంటున్నాడు. వేరే ఎవరైనా అడిగితే "నీకెందుకురా ఇది" అని నవ్వేసేవాణ్ణి. వాడు అడిగితే నవ్వు రాలేదు. ఎందుకో చెప్తాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడినప్పుడు మా అక్కావాళ్లది కింద పోర్షను. కట్టుబట్టలతో మేడ మీదకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్లు తీసి కిందికి దిగేసరికి బీరువా బోర్లా పడి ఉంది. ఇంటినిండా జానెడు బురద. పోయిన బావగారి ఉంగరం పెట్టుకున్న స్టీలు డబ్బా మూత ఊడి ఒక మూల కనిపించింది, ఉంగరం మాత్రం లేదు. ఆ కంగారులో ఎవరికి వెతికే ఓపికుంది? పారలతో బురదంతా ఎత్తి పెరట్లో గోడ పక్కన కుప్పపోశారు. "పోతే పోయిందిలే, మనుషులం మిగిలాం" అంది అక్క. అన్న మాట అన్నట్టే ఉంది గానీ, ఏడాది దాటినా ఆ కుప్పని ఎత్తించనివ్వదు. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుంటుంది. చూపు మాత్రం అటే.

అదీ సంగతి. అందుకని ఆ పూట వాడికి చెప్పిందంతా ఇక్కడ మీకూ చెప్తున్నాను. మొదటిసారి డిటెక్టర్ కొనాలనుకునే ఎవరికైనా, చేతిలో డబ్బు తక్కువగా ఉన్న ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఆ పన్నెండు అడుగుల కథ. డిటెక్టర్ కింద పళ్లెంలా గుండ్రంగా ఉండేది రాగి తీగచుట్ట. అందులో సెకనుకి వేలసార్లు దిశ మారే కరెంటు పారుతుంది. దానివల్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఆ క్షేత్రంలోకి లోహం వస్తే లోహంలో చిన్న చిన్న సుడి కరెంట్లు లేస్తాయి. అవి పుట్టించే ఎదురు క్షేత్రాన్ని పక్కనున్న రెండో చుట్ట వింటుంది. కూత అంటే అదే. దూరం పెరిగేకొద్దీ ఈ బలం చాలా వేగంగా పడిపోతుంది. అందుకే మొదట కొనే మామూలు మిషన్లలో రూపాయి బిళ్లంత వస్తువు 6 నుంచి 8 అంగుళాల లోతులో దొరికితే గొప్ప. పెద్ద బిందె అయితే ఇంకొంచెం లోతుకి తెలుస్తుంది. ఉంగరానికి పన్నెండు అడుగులు అన్నవాడు మిషన్ అమ్మట్లేదు, ఆశ అమ్ముతున్నాడు.

"పోనీ, బంగారం మాత్రమే పడుతుందట కదా మామయ్యా?"

అదీ కాదు. మిషనుకి బంగారం అని తెలీదు. ఆ వస్తువులో కరెంటు ఎంత బాగా పారుతుంది, దాని సైజెంత అనే రెండూ కలిపి ఒక అంకె చూపిస్తుంది. చిన్న బంగారు ఉంగరం చూపించే అంకే మాత్రల స్ట్రిప్ మీది అల్యూమినియం రేకూ చూపిస్తుంది, కూల్‌డ్రింకు టిన్ను మీద పీకే రింగూ చూపిస్తుంది. ఇనుము వద్దని మీట తిప్పుకోవచ్చు, దాన్ని డిస్క్రిమినేషన్ అంటారు. మేకులు చాలావరకు తప్పుతాయి. కానీ రేకు వద్దంటే ఉంగరమూ పోతుంది. కాబట్టి బంగారం వెతికేవాడు మాత్రల రేకులు ఏరక తప్పదు. ఇంకో సంగతి, ఉంగరం కంటే సన్నటి గొలుసు కష్టం. ఉంగరం తెగని చుట్టు, కరెంటు గుండ్రంగా తిరుగుతుంది. గొలుసులో ప్రతి లింకూ మిషనుకి విడి ముక్కలాగే అనిపిస్తుంది. మనం వెతికేది ఉంగరం కావడం అదృష్టం అన్నాను వాడితో.

ఇక యాంటెన్నాలు సాచుకుని, వంద మీటర్ల అవతల నిధి ఉందని చూపించే మిషన్లు కూడా అమ్ముతుంటారు. వాటి జోలికి అసలు పోకండి. ఇంగ్లండులో జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారి గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే ఉత్తుత్తి బొమ్మని చూసి ఏడీఈ 651 అనే పరికరం తయారుచేసి, బాంబులు పసిగడుతుందని ఇరాక్ ప్రభుత్వానికి అమ్మాడు. లోపల పనిచేసేదంటూ ఏమీ లేదు. 2013లో అక్కడి కోర్టు పదేళ్ల జైలు వేసింది. ఒక దేశపు సైన్యమే మోసపోయింది, మనమెంత?

ఇప్పుడు అసలు ప్రశ్న. "ఏ మిషన్ మంచిది" అని కాదు, "ఏం వెతకాలి, ఎక్కడ వెతకాలి" అని. ఈ రెండూ తేలితే మిషన్ దానంతటదే తేలుతుంది.

మన కృష్ణ ఒడ్డున పిల్లల్ని చూడండి. తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో వేసి లాగుతుంటారు. రైల్లోంచి జనం వేసిన చిల్లర, పుష్కరాలప్పుడు వేసిన చిల్లర వాటికి అంటుకుని వస్తుంది. వాళ్లు వెతికేది స్టీలు రూపాయి బిళ్ల, అది అయస్కాంతానికి అంటుతుంది. కాబట్టి ఆ పనికి ఆ తాడే డిటెక్టర్, ఖర్చు వంద రూపాయలు కూడా ఉండదు. అదే బంగారం, వెండి, రాగి అయితే అయస్కాంతానికి అంటవు. అక్క ఉంగరానికి ఆ తాడు పనికిరాదు.

సముద్రపు ఒడ్డు సంగతి వేరు. మంగినపూడి లాంటి చోట ఉప్పునీటి తడి కూడా కొంచెం కరెంటుని పారనిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే చవక మిషన్ అక్కడ ఊరికే కూస్తుంది. అక్కడికి ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడేది గానీ, పల్స్ ఇండక్షన్ రకం గానీ కావాలి. రెండోది ఉప్పుని పట్టించుకోదు, లోతుకీ వెళ్తుంది. కానీ మేకేదో ఉంగరమేదో సరిగ్గా విడదీయలేదు, పైగా ఖరీదు.

మరి మనది? గోడ పక్కన పోసిన మట్టికుప్ప. అందులో ఏముందో ముందే తెలుసు, ఎక్కడుందో ముందే తెలుసు. లోతు మన చేతిలో ఉంది, మట్టిని పలచగా పరిస్తే రెండు అంగుళాలే! లోతుకి వెళ్లే మిషనుకి డబ్బు పొయ్యడం ఎందుకు? గేట్ల దగ్గర సెక్యూరిటీవాళ్లు మన జేబుల మీద తిప్పే చేతికర్ర లాంటి డిటెక్టర్ ఉంటుందే, అది చాలు. లేదా పిన్‌పాయింటర్ అనే వేలెడు లావు గొట్టం, దాని మొన దగ్గరికి లోహం ఒకటి రెండు అంగుళాల్లోకి వస్తే కూస్తుంది, వణుకుతుంది. రెండు మూడు వేలల్లో పని అయిపోతుంది. రేపు పెద్ద మిషన్ కొన్నా పిన్‌పాయింటర్ ఎలాగూ కావాలి, తవ్విన గుంటలో వస్తువు ఎక్కడుందో చూపించేది అదే. కాబట్టి ఆ డబ్బు వృథా కాదు.

ఇది విని మావాడు కాస్త డీలా పడ్డాడు. టీలో బిస్కెట్ ముంచుకుంటూ నెమ్మదిగా అసలు విషయం బయటపెట్టాడు.

"అది కాదు మామయ్యా... ఉంగరం దొరికాక నేనూ మా ఫ్రెండ్సూ మొగల్రాజపురం కొండవైపు ఒకసారి తిరుగుదామనుకున్నాం. గుహలున్నాయి కదా, పాతకాలం నాణేలేమైనా..."

ఇదిగో, ఇక్కడే కుర్రాళ్ల కాలు జారేది. మొగల్రాజపురం గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అలాంటి కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ అది. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా గునపం వేస్తే నేరం. పోనీ ఎవరిదో పొలంలో దొరికిందనుకో, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దాగిన నిధి పది రూపాయల విలువ దాటితే చాలు, దొరికినవాడు కలెక్టరుకి రాసిచ్చి తెలియజేయాలి. దాచుకుంటే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. చెప్పినవాడికి మాత్రం చట్టమే వాటా ఇస్తుంది. మన ఇంట్లో మనం పోగొట్టుకున్న ఉంగరానికి ఈ గొడవేం లేదు, అది నిధి కాదు, మన వస్తువు.

చట్టం ఒక్కటే కాదురా అన్నాను. మన అమరావతి స్తూపాన్నే చూడు. 1790లలో అక్కడ ఊరు కడుతూ రాళ్ల కోసం ఆ దిబ్బని తవ్వేశారు. అది చూసిన కల్నల్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువే తవ్వి ఉంది. మిగిలిన శిల్పాలు కొన్ని మద్రాసుకీ, కొన్ని లండనుకీ చేరాయి. ఇవాళ మనవాళ్లు లండనుకి చేరినవాటిని చూడాలంటే టికెట్టు కొనుక్కుని విమానం ఎక్కాలి. మట్టిలో ఒక వస్తువు ఏ పొరలో, దేని పక్కన పడి ఉందో అదే దాని చరిత్ర. పీకి జేబులో వేసుకుంటే మిగిలేది బిళ్ల మాత్రమే.

వాడు ఏమీ మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సరే, ఉంగరం పని అయ్యాక కూడా ఈ సరదా మిగిలితే, సొంత స్థలమో, అడిగి అనుమతి తీసుకున్న పొలమో ఉంటే, పెద్ద మిషన్ ఎలా చూడాలో కూడా చెప్పాను. పేరున్న కంపెనీల్లో మొదటి మెట్టు మోడళ్లు ఉన్నాయి. అమెరికా గారెట్‌వాళ్ల ఏస్ 200 తేలిక, మీటలు తక్కువ. ఆస్ట్రేలియా మైన్‌ల్యాబ్‌వాళ్ల వాంక్విష్ 340 పలు ఫ్రీక్వెన్సీల మీద నడుస్తుంది. ఈ రెంటికీ కింది పళ్లెం తడవొచ్చు గానీ పైనున్న డబ్బా తడవకూడదు. టర్కీ నోక్టావాళ్ల సింప్లెక్స్ మొత్తం నీళ్లలో మునిగినా ఫరవాలేదు. ఇవేవీ ఎనిమిది వేలల్లో రావు. దిగుమతి సరుకు, సుంకం కూడా కలుస్తుంది. అంతవరకు ఆగగలిగితే ఆగడమే మేలు. పేరూ ఊరూ లేని మిషన్ కొనాల్సివస్తే నాలుగు చూసుకోండి. తిరిగి ఇచ్చేయడానికి గడువుందా? ఇనుముని వేరు చెయ్యగలదా? పళ్లెం తడిని తట్టుకుంటుందా? అరగంట తిప్పినా చెయ్యి లాగనంత బరువేనా? అట్టపెట్టె మీద రాసిన లోతుని మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

ఇంటికొచ్చిన రోజే పరీక్ష పెట్టండి. చేతి ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, ఫోను దూరంగా పెట్టి, బయట మట్టినేల మీదకి వెళ్లండి. పళ్లెం ముందు ఒక ఉంగరాన్ని ఆడిస్తూ ఎంత దూరం దాకా కూస్తుందో స్కేలు పెట్టి కొలవండి. నాలుగు అంగుళాలకే మూగబోతే వెనక్కి పంపేయండి. కరెంటు తీగల కింద ఊరికే కూస్తుంటే సెన్సిటివిటీ తగ్గించండి. అంతేగానీ పాడైందనుకోకండి.

ఇంట్లో, మేడ మీద మాత్రం పరీక్ష చెయ్యొద్దు. శ్లాబులో ఇనుప ఊచలుంటాయి, అడుగడుగునా కూస్తుంది. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్‌కే ఈ దెబ్బ తగిలింది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని ఎవరో కాలిస్తే, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి బెల్ ఇలాంటి మిషనే తయారుచేసి తీసుకెళ్లాడు. తూటా దొరకలేదు. పరుపులో లోహపు స్ప్రింగులు ఉండటం ఒక కారణం, డాక్టరు తాననుకున్న వైపే వెతకనివ్వడం ఇంకో కారణం. అధ్యక్షుడు దక్కలేదు. మిషన్ మంచిదే, వెతికిన చోటే తేడా.

పోయిన ఆదివారం నేనే సింగ్‌నగర్ వెళ్లాను. మావాడు చేతికర్ర డిటెక్టరూ, పిన్‌పాయింటరూ కొన్నాడు. ఎనిమిది వేలల్లో సగానికి పైగా ఇంకా వాడి దగ్గరే ఉంది. మట్టినేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచాం. ఎండి రాయైపోయిన నల్లమట్టి గడ్డల్ని కొట్టి, పలచగా పరిచి, కర్ర తిప్పడం మొదలుపెట్టాడు. కూత వస్తే నేను ఏరడం. మధ్యాహ్నానికి లెక్క ఇది: మాత్రల రేకులు పదకొండు, మేకులు గుప్పెడు, గేటు బందు ఒకటి, రెండు చెంచాలు, మూడు రూపాయి బిళ్లలు, బీరువా తాళంచెవి.

ఆ తాళంచెవి చూసి అక్క లేచొచ్చింది. కొంగుతో తుడిచి చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి పిండి జల్లెడ తెచ్చింది.

"జరుగు. నువ్వు గడ్డలు కొట్టు, నేను జల్లిస్తా" అంది నాతో. పోతే పోయిందిలే అన్న మనిషి!

ఉంగరం ఇంకా దొరకలేదు. కుప్ప ఇంకా సగం ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.